స్విచ్ ఆపాక రెండు క్షణాలు

సుపేలా,
12-8-1994

పరబ్రహ్మం గారికి,

నా మనవరాలు సుప్రియ బీఎస్సీ రెండో సంవత్సరం. విద్యుత్తు, అయస్కాంతత్వం పేపరు అర్థంకాక ఏడుస్తుంటే ఆ పుస్తకం నేనూ చదివాను. తీగచుట్టలో కరెంటు ఆపినా అయస్కాంతం వెంటనే చావదట. ఇనుమును కాసేపు పట్టుకునే ఉంటుందట.

ఇరవై ఆరేళ్ల కిందట స్టీలు ప్లాంటులో నా క్రేన్ అయస్కాంతం నుంచి ఇనప తుక్కు రెండు క్షణాలు ఆలస్యంగా జారి, వ్యాగన్ పక్కన పడింది. "స్విచ్ ఎప్పుడో ఆపీసేను బాబూ" అన్నాను. "ఆపితే పడదేమయ్యా? నిద్రపోయావు" అని మీరు నలుగురిలో నవ్వారు. రిపోర్టులోనూ అదే రాశారు. నన్ను మళ్లీ క్రేన్ ఎక్కనివ్వలేదు. నేను ఆ పుస్తకం ఇప్పుడు చదివాను. మీరు అది చదివే ఇంజనీరయ్యారు.

సుప్రియకు ఇదేదీ తెలియదు. "తాతా, నెహ్రూ నగర్ సార్ బాగా సమ్‌ఝాయిస్తారంట, ట్యూషన్ పెట్టించవా?" అంటోంది. ఆ సార్ రిటైరైన మీరేనని దానికి చెప్పలేదు, సోమవారం నుంచి మీ దగ్గరికి పంపుతున్నాను. ఆ పాఠం సరిగ్గా చెప్పండి. మీ రిపోర్టులో ఉన్నట్టు రాస్తే పరీక్షలో దానికి సున్నా వస్తుంది.

మీరు దించేసిన
క్రేన్ ఆపరేటర్