వెచ్చటి నీళ్ల మొక్కలు

బావగారికి,

ఇక్కడ క్షేమమని రాయడానికి చేయి రావడం లేదు. డోలీ ఉండగా అక్క ఎందుకు నడిచిందని అడిగారు. జరిగింది రాస్తున్నాను.

మా దొర ఓడలో తెప్పించిన చేపలను గాజు తొట్టెలో పెంచుతున్నాడు. వాటికి వెచ్చటి నీళ్లు కావాలని తొట్టె కింద దీపం ఆరనివ్వడు. మా కొండవాగు గెడ్డలోని చల్లనీళ్ల మొక్కలు అందులో కుళ్లిపోయాయి. కొండ దిగువన సాలూరు చెరువు మొక్కలు తెమ్మని డోలీ పంపాడు. వాటికి దారిలో చలి తగలకుండా కంబళి కూడా ఇచ్చాడు.

నా భార్య పురుటికి సాయం వచ్చిన అక్కకు అప్పటికే మన్నెం జ్వరం. సాలూరు మిషను ఆసుపత్రికని ఆ డోలీ వెనకే ఇద్దరం బయలుదేరాం.

"దిగినప్పుడు కాళీయే గదా బాబూ, అమ్మని ఎక్కించీమంటారేటి?" అని డోలీ మోసే భీమన్న, వెంట వస్తున్న దొర బంట్రోతుల పెద్ద దఫేదారుని అడిగాడు.

"జొరం డోలీకి అంటుకుంటాది. రేపు దొరగారి సేపలు సచ్చిపోతే నువ్ సెప్తావేటి సమాధానం?"

"సేపలకి సలిజొరం వత్తాదేటి బాబూ?" అన్నాడు రెండో బోయీ గాసి.

దఫేదారు కర్ర ఎత్తాడు. గొడవొద్దు, నడుస్తానంది అక్క.

ఘాటు దారి సగంలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. డోలీ ఆగలేదు.

మొక్కలు వేళ్లూనుకున్నాయి. కొత్త ఆకులు చూసి దొర మరికొన్ని తెమ్మన్నాడు. సోమవారం డోలీ మళ్లీ ఖాళీగా దిగుతుంది. అక్క బట్టల పెట్టె అందులో పంపుతున్నాను. పెట్టెకి జ్వరం ఉండదని దఫేదారు ఒప్పుకున్నాడు.

మీ బావమరిది