చుట్టాలను కొట్టెయ్యనివ్వను

ఏలూరు, బుధవారం.

నాన్నగారూ, వందనాలు. ఫోను చేస్తే "పెద్దవాళ్లతో నీకెందుకమ్మా" అని మధ్యలోనే ఆపేస్తారని కార్డు రాస్తున్నాను.

ఇక్కడ డాక్టర్లకు జన్యువుల లెక్కలు నేర్పుతున్నాను కదా. షుగరు జబ్బు గురించి మన కొల్లేరు ఊళ్లలో మూడు వందల మంది దగ్గర రక్తం తీసి, నిన్న లెక్కలోంచి రెండు వందల మందిని కొట్టేశారు. "దగ్గర చుట్టాలుంటే లెక్క తప్పుతుందండీ, తీసెయ్యమని పుస్తకంలోనే ఉందండీ" అన్నారు పెద్ద డాక్టరుగారు. "మేనరికాల ఊళ్లలో చుట్టాలను తీసేస్తే మిగిలేది చేపలేనండీ" అన్నాను. చుట్టరికాన్ని కూడా లెక్కలో కలిపే పద్ధతి ఉంది, అది నేర్పకుండా కదలను. క్లాసు ఆపేస్తామన్నారు. వరండాలో చెబుతానన్నాను.

వచ్చే వారం మన ఇంటినే బోర్డు మీద గీస్తాను. మీరు అక్క కూతుర్ని చేసుకున్నారు కాబట్టి నాయనమ్మ నాకు తాతమ్మ కూడా. ఆవిడ పుట్టింటివాళ్ల పేర్లు అడిగి వెంటనే రాయండి. చెరువు గట్టు పూర్తయిందా? నాయనమ్మకు వందనాలు.

సూది గుచ్చినచోట అమ్మ చెయ్యి కమిలిందన్నారు, తగ్గిందా? ఆ రక్తం లెక్కలోకి వచ్చేదాకా నేను ఇంటికి రానని చెప్పండి.

ప్రసన్న