ఎన్నడూ చూడని బిడ్డ కోసం ఏడ్చినవాళ్ళు

అమ్మా,

నీ పెద్దమ్మాయి నీ కాళ్ళకు మొక్కి రాసుకునేది. మేమిద్దరం బాగానే ఉన్నాం, బెంగపడకు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మన పసుపు తడవకుండా దుగ్గిరాల మార్కెట్టుకి చేరిందా? తమ్ముడూ, ఇది అమ్మకి గబగబా చదివెయ్యకుండా మెల్లిగా వినిపించు నాయనా.

ఈ ఇథియోపియాలో ఇంకా రాజుగారే ఏలుతున్నారు. ఒకటే వాన, చలి. మీ అల్లుడు స్వెట్టరు వేసుకుని బడికెళ్ళి భూగోళం పాఠాలు చెప్పొస్తున్నారు. వీళ్ళ పుల్లటి అట్టు చాపంత ఉంటుంది. అలవాటైందిలే. ఎవరైనా వచ్చేవాళ్ళుంటే కాస్త గోంగూర పచ్చడి పంపు.

పక్కింటి అల్మాజ్ నీ ఈడుదే. వచ్చిన కొత్తలోనే కాఫీకి పిలిచింది. ఇక్కడ కాఫీ అంటే గింజలు మన ఎదుటే వేయించి, దంచి, సాంబ్రాణి వేసి, మూడుసార్లు పోస్తారు. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. బాబు పోయి ఏడాది తిరగలేదు కదా, ఆ మైలతో ఒకరి గడప ఎట్లా తొక్కను? తల అడ్డంగా ఊపి వచ్చేశాను. మళ్ళీ పిలిచినా అంతే. నాకు పొగరనుకుంది. ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

మీ అల్లుడికి ఇక్కడి మాట కొంచెం వచ్చు. ఒకరోజు ఆయనే వెళ్ళి, "రేపల్లెలో ఉండగా మా పిల్లాడు జ్వరంతో పోయాడమ్మా, అందుకని రాదు" అని చెప్పారు. ఆవిడ చేతిలో జల్లెడ కింద పెట్టేసిందట.

మర్నాడు తలుపు తీస్తే పదిమంది ఆడవాళ్ళు. లోపలికొచ్చి నేలమీద కూర్చుని ఏడ్చారమ్మా. మొక్కుబడి ఏడుపు కాదు. వాణ్ణి ఎన్నడూ చూడలేదు, వాడి పేరు పలకడానికి నోరే తిరగలేదు వాళ్ళకి. కబురు ఎంత ఆలస్యంగా తెలిసినా వెళ్ళి ఏడవాల్సిందేనట. మూడు రోజులు నా పొయ్యి వెలిగించనివ్వలేదు. మైల అంటుతుందని నేను దూరం జరిగితే, అల్మాజ్ నా పక్కకే జరిగింది.

మూడోరోజు "ఎట్లాంటివాడు?" అని అడిగింది. బాపట్ల సముద్రం సంగతి చెప్పాను, మీ అల్లుడు వాళ్ళ మాటలో తిరిగి చెప్పారు. చెంబులో సముద్రం పట్టుకొచ్చి, ఇంట్లో అలలు రావట్లేదని "ఇది దొంగ చెంబే అమ్మా" అన్నాడు కదా, ఆ మాట చెబుతూ నవ్వేశానమ్మా. వాడు పోయాక మొదటిసారి. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత భయమేసింది. తప్పు చేశానా?

ఆసుపత్రిలో స్వీడన్ నర్సమ్మ ఒకావిడ ఉంది. వాళ్ళ దేశంలో జబ్బు చేస్తే బీదవాళ్ళనైనా సర్కారే చూసుకుంటుందట, జ్వరానికి పిల్లలు పోవడం ఎక్కడోగానీ లేదట. అట్లాంటి నేల కూడా ఉందా అని నోరు తెరుచుకుని విన్నాను. ఆవిడేమో అల్మాజ్ వాళ్ళ సంగతి విని, "మాకు పక్కింటివాళ్ళ పేర్లే తెలియవు" అని తెల్లబోయింది. "ఏ దేశంలో ఏం పండుతుందో పిల్లలకి చెబుతారు కదా, సుఖం ఎక్కడ పండుతుందో చెప్పండి" అన్నాను మీ అల్లుడితో. "అది నా పుస్తకంలో లేదే" అన్నారు.

పెదనాన్నగారికి మా దణ్ణాలు చెప్పు. మరదలిని అడిగానని చెప్పు.

ఒక్క మాటమ్మా. రేపు అల్మాజ్ మనవడికి పేరు పెడుతున్నారు. నన్ను వచ్చి బిడ్డని ఎత్తుకోమంది. బిడ్డ పోయినదాన్ని, ఏడాదైనా తిరగనిదాన్ని, బాలింత ఇంటికి ఎవరు పిలుస్తారు? కీడని చెప్పించాను. "బిడ్డని ఎత్తుకోవడం ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు?" అందట. నిన్ను అడగకుండా నేను ఏ పనీ చెయ్యలేదు. కానీ నీ జవాబు వచ్చేసరికి నెల దాటుతుంది. వెళ్తున్నానమ్మా. ముందు ఆ పసివాణ్ణి దీవించి, తర్వాత నన్ను తిట్టు.

నీ కూతురు
సుబ్బులు