నిదానపు మేస్త్రీ

జూన్ 9
సిస్టోస్కోపీ క్లియర్. మూత్రాశయంలో మళ్లీ గడ్డ లేదు. నాకు ముందే తెలుసు. మార్చిలో క్యాన్సర్ గడ్డ తీసిన రోజే నర్సుతో పందెం కాశాను. డాక్టర్ ఉదయశ్రీగారు మాత్రం ఇది తిరిగొచ్చే రకమని, మూడు నెలలకోసారి చూపించుకోవాల్సిందేనని అన్నారు. రానీ. ముప్పై ఏళ్లు హీరోయిన్ల అలకలు భరించిన హెయిర్‌డ్రెస్సర్‌ని. దీనికి జడుస్తానా?

జూన్ 12
ఆసుపత్రివాళ్లు ఏదో స్టడీ కోసమని తీసుకున్న రక్తం రిపోర్టు గట్టిగా అడిగి తెప్పించుకున్నాను. డీఎన్‌ఏకి దెబ్బ తగిలితే బాగుచేసే జీన్ ఒకటుందట, ఎక్స్‌పీసీ అని. నాది కాస్త తేడా రకం. ప్రాణం లేచొచ్చింది. అయితే తప్పు నా పనిది కాదు, పుట్టుకది అన్నాను.

ఉదయశ్రీగారు ఒప్పుకోలేదు. ఆ జీన్ మేస్త్రీ అనుకోండి, మీ మేస్త్రీ జర నిదానం, గంతే, గోడ పగలగొట్టేది వేరే ఉంటది అన్నారు. సిగరెట్ తాగుతరా అని అడిగారు. ఛీ అన్నాను. నా నల్లటి గోళ్లు చూసి, గీ డై ఉత్త చేతులతోనే కలుపుతరా అన్నారు. డై వల్లే వచ్చిందనీ, జీన్ వల్ల తిరిగొస్తదనీ ఖాయంగా చెప్పలేమట. కానీ నిదానపు మేస్త్రీకి పని పెంచొద్దట.

నా పనే నేర్చుకున్న మా అమ్మాయి వందనకీ ఆ మేస్త్రీయే దొరికి ఉండొచ్చట. అప్పుడు మాత్రం భయమేసింది.

జూన్ 13
గ్లోవ్స్ కొన్నాను. వందన వేసుకోనంది.

జూన్ 15
నాకు కోపం వస్తే వంట బాగా కుదురుతుంది. ఇవాళ గుత్తివంకాయ అదిరింది.

నేను మంచంలో ఉన్నన్నాళ్లూ ఫిల్మ్ నగర్ వెళ్లి నటి శారదాదేవిగారి తలకి డై వేసింది వందనేనట. గ్లోవ్స్ రబ్బరు తలకి తగిలితే ఆవిడకి తలనొప్పట. కొత్త సినిమాకి హెయిర్‌డ్రెస్సర్‌గా వందన పేరు చెప్పారట. నాకు దొరికిన మొదటి సినిమా, నువ్వు మధ్యలో దూరి చెడగొట్టకమ్మా అంది.

నేనా, దూరకుండా ఉండేది?

జూన్ 18, మధ్యాహ్నం
వెళ్లాను. శారదాదేవిగారివి అమ్మ వేషాలు, జుట్టు మాత్రం కూతురి వయసుది. మా అమ్మాయి ఇక గ్లోవ్స్‌తోనే వేస్తుందండీ అన్నాను. నా సంగతి నీకు తెలియనిదా శేషారత్నం అన్నారు. జబ్బు పేరు చెప్పాను. అయ్యయ్యో అన్నారు, కాఫీ ఇప్పించారు, మాట మాత్రం మార్చుకోలేదు. అయితే తెల్లజుట్టుతోనే ఉండండి అని లేచొచ్చాను.

సాయంత్రం
మేనేజర్ ఫోన్ చేశాడు. వందనని ఇక రావద్దన్నారట.

నేను చేసింది రైటే. అయినా వంటింట్లో నిలబడి ఏడ్చాను.

జూన్ 22
వందన ఇంకా మాట్లాడదు. అన్నం మాత్రం నేను వడ్డిస్తేనే తింటోంది. మొండితనం నా పోలికే.

జూన్ 26
నోరు విప్పింది. శారదాదేవిగారి దగ్గర నాగేశ్వరి అని కొత్త పిల్ల చేరిందట. మధురానగర్‌లో హాస్టల్. ఆ పిల్లా ఉత్త చేతులతోనే కలుపుతోందట. ఆ మాట చెప్పి, వందన చాలాసేపు తన చేతులు చూసుకుంది. ఆదివారం భోజనానికి పిలువు అన్నాను. వెంటనే ఫోన్ అందుకుంది.

జూన్ 29
నాగేశ్వరి వచ్చింది. నల్లటి వేళ్లతో పప్పన్నం కలుపుతోంది. నేను నోరు తెరిచేలోపే వందన ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది.