ఇంటిపేరు అడిగారు, చెప్పాను

జూన్ 2, 2025, సోమవారం

ఏ రోజు ఏం జరిగిందో ఆ రోజే రాయించి పెట్టుకోమని లాయరు ఉమాశంకర్ చెప్పాడు. నాకు రాయడం రాదు. మా పైవాటాలో అద్దెకుండే పద్మావతమ్మ రాస్తోంది. స్టీల్‌ప్లాంట్‌లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, గోదావరి వైపు ఆవిడ. నేను 'నాను' అంటే ఆవిడ 'నేను' అని రాస్తుంది. రాసుకోనీ. మాట తీరు మారిస్తే నాకేం పోదు. మాట మారిస్తే మాత్రం ఊరుకోను.

నా పేరు గులాబ్ బీ. డెబ్బై నాలుగేళ్లు. వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక ఇల్లు. నా మనవరాలు నర్గీస్ సీఎంఏ చదివింది. లెక్కల చదువుల్లో అది పెద్ద చదువట. ఐదేళ్లుగా షిప్పింగ్ ఆఫీసులో పని చేస్తోంది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పెర్త్ అనే ఊళ్లో ఉద్యోగం ఇస్తామన్నారు. ఒకటే షరతు. ఇక్కడి చదువు అక్కడి చదువుతో సమానమేనని అక్కడి అకౌంటెంట్ల సంఘం కాగితం ఇవ్వాలి. జూలై 31 లోపు ఆ కాగితం కంపెనీకి చూపించాలి. లేకపోతే ఉద్యోగం ఇంకొకరికి.

ఈరోజు ఆ సంఘం నుంచి మెయిల్ వచ్చింది. పదో తరగతి మెమో నుంచి సీఎంఏ సర్టిఫికెట్ దాకా అన్నిటి మీదా గాజుల నర్గీస్ అని ఉంది. పాస్‌పోర్ట్ మీద తండ్రి పేరులాగే షేక్ నర్గీస్ అని ఉంది. చదివింది ఒకరు, వస్తానంటున్నది ఇంకొకరు, ఇద్దరూ ఒకరేనని ఎలా నమ్మాలని అడిగారు.

ఇక్కడ ఇంతవరకూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇద్దరూ ఒక్కరేనని తహసీల్దారు ఆఫీసులో ఇచ్చిన కాగితంతోనే ఆఫీసులో చేరింది. ఆస్ట్రేలియా వాళ్లకి అది చాలదట. తేడా ఎలా వచ్చిందో, పేరు చెప్పిన మనిషే ప్రమాణం చేసి చెప్పాలట.

ఆ మనిషిని నేనే. నా కొడుకు రఫీ అప్పటికే పోయాడు. కోడలు ఎలమంచిలి పుట్టింటికి వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లింది నేను. మేము షేకులం, షేక్ అనే చెప్పాను. ఆ మాస్టరే తప్పు రాసుకున్నాడు.

కోపం తెచ్చుకోకుండా బాగా గుర్తు చేసుకో దాదీ అంది నర్గీస్. నాకేటి మెదడు పోనాదేటి అన్నాను.

జూన్ 3

బడికి వేసవి సెలవులు. పన్నెండో తారీఖు దాకా తాళం.

జూన్ 12, గురువారం

బడి తెరిచీ తెరవగానే వెళ్లాను. ఇప్పటి హెడ్‌మిస్ట్రెస్ ఆశాజ్యోతి. మర్యాద తెలిసిన మనిషి, కుర్చీ వేయించింది. బీరువా అడుగు నుంచి 2003 అడ్మిషన్ రిజిస్టరు తీయించింది. ఓ మూల చెదలు తినేసింది కానీ మా పేజీ బాగానే ఉంది. చదివింది. విద్యార్థి పేరు నర్గీస్. తండ్రి పేరు రఫీ. ఇంటిపేరు గాజుల. పక్కన వేలిముద్ర.

అది నాది కాదన్నాను. గట్టిగానే అన్నాను. అమ్మా, కొంచెం నెమ్మదిగా, ఒకటో క్లాసు పిల్లలకి బడికి రావడం ఇదే మొదటి రోజు అంది. నిజమే, గుమ్మం దగ్గర ఇద్దరు ఏడుపు అందుకున్నారు.

అప్పుడు రాసుకున్న సన్యాసిరాజు మాస్టారు భీమిలిలో ఉంటన్నారు, ఆరినే అడగండి అంది. మెడ పట్టుకుని లాక్కొస్తానన్నాను. ఎనబై దాటేయమ్మా ఆరికి, మెడ జాగర్త అంది.

జూన్ 15, ఆదివారం

పద్మావతమ్మని తోడు తీసుకుని బస్సులో భీమిలి వెళ్లాను. సన్యాసిరాజు మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. వాళ్లావిడ చిట్టమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, షేక్ అని సెప్తే గాజుల అని ఎందుకు రాసినావు మాస్టారూ అని నిలదీశాను.

ఆయన నవ్వాడు. ఓలమ్మ, గులాబ్ బీ, నిన్ను మర్సిపోతానేటి అన్నాడు. ఇంటిపేరేటమ్మా అని అడిగినాను. గాజులోరిల్లు అన్నావు. అది కాదమ్మా, ఇంటిపేరు అని మల్లీ అడిగినాను. అదే కదా సెప్తన్నాను, ఈదంతటికీ తెలుసు, నీకొక్కడికే సెవుడా అన్నావు. నాకు బయమేసి రాసేసినాను. ఇదీ ఆయన చెప్పింది.

షేక్ అని చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. ఇన్నాళ్లూ ఉందనుకున్నాను. కానీ 'నీకొక్కడికే సెవుడా' అన్నది నా మాట. ఒక మాస్టర్ని పట్టుకుని అంత మాట వన్‌టౌన్‌లో ఇంకెవరూ అనరు.

మా మామగారు మట్టిగాజులు అమ్మేవారు. గోడకి ఆనించి గాజుల పెట్టెలు ఎప్పుడూ ఉండేవి. ఆయన పోయాక వ్యాపారం పోయింది, పేరు పోలేదు. పోస్టుమ్యాన్ కూడా గాజులోరిల్లు ఎక్కడ అని అడుక్కుంటూ వచ్చేవాడు. షేక్ అన్నది మనిషికి పెట్టుకునేది. ఇంటికి ఎవరు పెడతారు? ఇంటిపేరు అడిగారు. ఇంటి పేరు చెప్పాను.

మజ్జిగ తాగి లేచాను. బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. మధురవాడ దాకా నిలబడే వచ్చాను.

జూన్ 16

నర్గీస్‌కి ఇంకా చెప్పలేదు. మోకాళ్లు వాచాయి.

జూన్ 17, మంగళవారం

చెప్పాను. ముందు నవ్వింది. తర్వాత టీ గ్లాసు కింద పెట్టేసింది. ఇంటర్ నుంచీ ప్రతి క్లాసులో అటెండెన్స్ అప్పుడు గాజుల నర్గీస్ అనగానే అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్లట. మీరు ఏ గాజులోళ్లు, మా వైపు వాళ్లా అని ఓ లెక్చరర్ అడిగాడట. స్కాలర్‌షిప్ ఫారం మూడుసార్లు వెనక్కి వచ్చిందట.

నాకెందుకు సెప్పలేదే అన్నాను. నువ్వు కాలేజీకొచ్చి గొడవ పెట్టేస్తావని అంది.

పద్మావతమ్మా, ఇది కూడా రాయి.

జూన్ 18, బుధవారం

ఉమాశంకర్ ఆఫీసు. సర్టిఫికెట్ల మీద పేరు మార్పించాలంటే బడి, జిల్లా ఆఫీసు, బోర్డు, యూనివర్సిటీ, ఒకదాని తర్వాత ఒకటి తిరగాలి, ఏడాది పైనే పడుతుందన్నాడు. పాస్‌పోర్ట్‌లోంచి షేక్ తీయించడానికి నేను ఒప్పుకోను. రఫీ కూతురికి రఫీ నుంచి వచ్చింది అదొక్కటే. కాబట్టి మిగిలింది నా అఫిడవిట్.

ముందే టైపు చేసి ఉంచాడు. పద్మావతమ్మ తెలుగులో చదివి వినిపించింది. 'నేను నిరక్షరాస్యురాలను అయినందువలన, అజ్ఞానము చేత, పొరపాటున తప్పుడు ఇంటిపేరు చెప్పియున్నాను.'

వేలిముద్ర వెయ్యనన్నాను. బామ్మా, అది ఫార్మాట్, అందరికీ అదే కొడతాం అన్నాడు. అందరికీ కొట్టుకో, నాకొద్దు, నాను తప్పుడు పేరు సెప్పలేదు, నీ ఇల్లు ఎవల్దని అడిగితే నువ్వేటి సెప్తావు అన్నాను. ఆ సంఘం వాళ్లకి అర్థం అయ్యేలాగ రాయాలి కదా బామ్మా అన్నాడు. నాకర్దం కానిది నా వేలితో ఎందుకు అన్నాను.

ఆటోలో నర్గీస్ కాగితాలన్నీ మళ్లీ వరుసలో పెట్టుకుంది. ఇంటి దగ్గర దిగాక, ఇంకా నలభై మూడు రోజులుంది దాదీ అంది. అంతే. అరిస్తే బాగుండేది.

జూన్ 20, శుక్రవారం

వేలు వేశాను. ఫార్మాట్ మీదే.

జూన్ 23

నర్గీస్ అఫిడవిట్ స్కాన్ చేసి పంపింది. రిజిస్టరు పేజీ, మార్కుల మెమోలు, పాస్‌పోర్ట్, అన్నీ మళ్లీ. జిరాక్స్ షాపు నాగవంశీ, మామ్మా, మీ పేపర్లకే ఓ బీరువా కొనాలి అన్నాడు. నవ్వే ఓపిక లేదు.

జూలై 9, బుధవారం

జవాబు వచ్చింది. చాలదట. నర్గీస్ రెండుసార్లు చదివి తెలుగులో చెప్పింది. చదువు రాని మనిషికైనా తన సర్‌నేమ్ తెలిసే ఉంటుంది కదా, సర్‌నేమ్ అడిగితే పేరు కానిది ఎందుకు చెప్పింది, ఏమని అడిగారు, ఏమని చెప్పింది, వివరంగా రాయించి పంపండి అన్నారట.

వాళ్లు అడిగింది న్యాయమైన మాట. నేనూ అదే అనుకున్నాను, ఆ ఫార్మాట్ విన్నప్పుడు.

ఇరవై రెండు రోజులుంది. నర్గీస్ ఆఫీసుకి వెళ్లలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. లేవమని రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవలేదు.

జూలై 11, శుక్రవారం

పొద్దున్నే నేనే ఉమాశంకర్ ఆఫీసుకి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. పద్మావతమ్మ కూడా వచ్చింది. ఆయన వచ్చి, సెప్పు బామ్మా, ఈసారి నువ్వు సెప్పిందే కొడతాను అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఇంగ్లీషులో ఇంటిపేరుని ఏటంటారు అని అడిగాను. సర్‌నేమ్ అన్నాడు. అందులో పేరు ఉందా అన్నాను. నేమ్ ఉంది కదా అన్నాడు. ఇల్లుందా అన్నాను. ఆలోచించి, లేదన్నాడు. మరింకేటి నాయినా, ఇల్లు తీసేసి పంపినావు, ఆళ్లకెలాగ తెలుస్తాది అన్నాను.

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఇది నాకెందుకు తట్టలేదండీ, ముప్పై ఏళ్లు ఫైళ్లు రాశాను అంది పద్మావతమ్మ.

ఇంటిపేరు అన్న మాటని తెలుగులోనే ఉంచమన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద ఇల్లంటే ఇదీ, పేరంటే ఇదీ అని విడదీసి రాయమన్నాను. దాని కింద నేను చెప్పింది ఇది.

'బడిలో నన్ను ఇంటిపేరు అడిగారు. మా ఇంటిని అందరూ గాజులోరిల్లు అంటారు. అదే చెప్పాను. షేక్ అన్నది మాలో మనిషి పేరుకి పెట్టుకునేది, ఇంటికి కాదు. రెండోసారి అడిగినా అదే చెప్పాను. మాస్టారిని కసిరాను కూడా. ఆయన నేను చెప్పిందే రాశారు. ఆయన తప్పు లేదు. గాజుల నర్గీస్ అన్నా, షేక్ నర్గీస్ అన్నా నా కొడుకు రఫీ కూతురే. ఆరేళ్ల వయసు నుంచి నా పక్కలోనే పడుకుంది. చదివిందీ ఆ పిల్లే, మీ ఊరు వస్తానంటున్నదీ ఆ పిల్లే.'

మాస్టారి తప్పు లేదన్న చోట ఉమాశంకర్ నా వంక చూశాడు. కొట్టు నాయినా అన్నాను.

చివర్న, నిరక్షరాస్యురాలు అన్న ముక్క ఉంచాలా బామ్మా అని అడిగాడు. ఉంచు, సదువు రాదన్నది నిజమే కదా అన్నాను. 'అయినందువలన' అన్నది మాత్రం తీయించేశాను.

వేలు వేశాను. ఈసారి ఆయన నా చెయ్యి పట్టుకుని వేయించనక్కర్లేకపోయింది.

జూలై 22

కొత్త అఫిడవిట్ పంపి పది రోజులు కావస్తోంది. మెయిల్ రాలేదు.

జూలై 25

రాలేదు. నర్గీస్ ఫోను బోర్లా పెట్టి తింటోంది. ఒక ముద్ద తిని తిప్పి చూస్తుంది, మళ్లీ బోర్లా పెడుతుంది. నాకు కోపం కూడా రావడం లేదు. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియడం లేదు.

జూలై 29, మంగళవారం

వచ్చింది. ఇద్దరూ ఒక్కరేనని ఒప్పుకున్నారు. చదువు కూడా ఒప్పుకున్నారు, రెండు పేపర్లు తప్ప. వాళ్ల దేశపు పన్నులు, వాళ్ల దేశపు చట్టం. అవి అక్కడికి వెళ్లాక రాయాలట. ఉద్యోగం ఉన్నట్టేనా అని అడిగాను. ఉన్నట్టే దాదీ అంది.

ఇన్నాళ్లూ ఇద్దరన్నారు. పరీక్షలు రాసే వేళకి ఒక్కతే అయింది.