మెడలో తాడు

అక్కా,

నువ్వు పోయాక మన కింది వాటాలో దిగిన యాదమ్మ వాళ్ల కుక్క నిన్న దొరికింది. దీపావళి టపాకాయలకు బెదిరి పారిపోయి, ఎల్‌బీ నగర్ మెట్రో కింద తేలింది. మెడపట్టీ ఎక్కడో ఊడిపోయింది. అయినా పశువుల డాక్టరు దాని మెడ మీద చిన్న మిషను ఆనించగానే, చర్మం కింది చిప్ నంబరు చూపించిందట. ఆ నంబరు ఎవరి పేరున ఉందో చూసి, వెంటనే యాదమ్మకు ఫోన్ చేశారు.

"బియ్యపు గింజంత ఉంటదంట, గదే నా బిడ్డను తోల్కొచ్చింది" అని ఏడుస్తూనే నవ్వింది.

మన గోధుమరంగు కుక్క రాజు తప్పిపోయినప్పుడు నువ్వు వీధివీధిలో, దిష్టి తగలకుండా దాని మెడకు నువ్వే కట్టిన నల్లతాడు గుర్తు చెప్పి అడిగావు. మూసారాంబాగ్‌లో చాయ్ బండి అతను, "గోధుమరంగు కుక్క ఒకటి ఈడనే తిరుగుతుంది, గానీ మెడల తాడు లేదమ్మా" అన్నాడు.

అయితే మనది కాదులే అనుకుని, ఇద్దరం ఇంటికి వచ్చేశాం.