ఆరు పిన్‌బాల్ మిషన్లూ ఒకేసారి మోగాలి

ఈ వీలునామా రాస్తున్నది నేనే. వయసు డెబ్బై నాలుగు, చదువు మూడో తరగతి. బుర్ర భేషుగ్గా ఉంది, చేతులు వణకవు. అనుమానమున్నవాడు నాతో ఒక ఆటకు రావచ్చు. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టేవాడు ఇంకా పుట్టలేదు.

1. ఇల్లూ, బ్యాంకులో ఉన్నదీ నా భార్యకు. ఆవిడ తరవాత పిల్లలిద్దరికీ సమానంగా.

2. అసలు సంగతి నా ఆరు పిన్‌బాల్ మిషన్లు. మూతబడిన ఆటహాళ్లలోంచి ఈడ్చుకొచ్చి, తుప్పు గీకి, కాయిళ్లు చుట్టి, రబ్బర్లు మార్చి ప్రాణం పోశాను. ఇనపబంతి తగిలితే గంట మోగాలి, లైటు వెలగాలి, బంతిని పైకి తన్నే రెక్కలు టపటపా కొట్టుకోవాలి. మా పెద్దాడు వీటిని ఒక హోటలాయనకు ఇస్తానని మాటిచ్చి వచ్చాడు. వైర్లు పీకేసి గోడవార అలంకారానికి నిలబెడతారట. "చూడ్డానికి బాగుంటాయి నాన్నా" అంటాడు. నిన్ను నిలబెట్టినా బాగుంటావురా! కాబట్టి ఆరూ నా కూతురికే. ఈ వీలునామా అమలుచేయాల్సిందీ అదే. ఆడనివ్వని చోటికి ఒక్క మిషను కూడా పోకూడదు.

పెద్దాడికి నా స్క్రూడ్రైవర్లన్నీ. రబ్బరు మార్చడం నేర్చుకుంటే చెల్లెల్ని ఒక మిషను అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం దాని ఇష్టం.

3. సర్కస్ బొమ్మ మిషను మాత్రం మా ఆవిడ ఉన్నంతకాలం ఆవిడదే. బంతి జారిపోతుంటే ఆవిడ నడుముతో ఒక్కటిస్తుంది. అంతలా కుదిపితే లోపల వేలాడే గుండు రింగుకు తగిలి ఆట ఆగిపోవాలి. ఆవిడ కుదిపినా ఆట ఆగకుండా, ఆ గుండును ఆవిడ నడుముకు తగ్గట్టు సరిచేసి నట్టు బిగించాను. ఆ నట్టు మీద ఎవడూ చెయ్యి వేయకూడదు.

4. మిషను మీద వార్నిషు ఆరకముందే వేడి టీగ్లాసు పెట్టిన మా తోడల్లుడికి, మచ్చపడిన ఆ చెక్కముక్క. కోసి దాచాను. గోడకు తగిలించుకోమనండి.

5. నేను పోయిన రోజు ఏడుపులు వద్దు. ఆరు మిషన్లూ ఒకేసారి వేయాలి. ఇన్నేళ్లలో ఆ ముచ్చట తీరలేదు. మూడు వేస్తే ఫ్యాను నీరసపడుతుంది, నాలుగోది వేస్తే ఫ్యూజు పోయి ఇల్లంతా చీకటి. కరెంటు అబ్బాయి కొత్త లైను లాగాలి. వచ్చినవాళ్లు తలా ఒక ఆట ఆడి వెళ్లాలి.

ఇక్కడిదాకా రాసి, సాక్షిగా వచ్చిన ఆ కరెంటు అబ్బాయికే చదివి వినిపించాను. "అంతా బాగుంది గానీ బాబాయ్, ఆ రోజు నీకు వినపడదు కదా?" అన్నాడు.

నిజమే కదా! ఇన్ని గంటలు సరిచేసింది శవానికి వినిపించడానికా? అయిదో అంశం కొట్టేశాను.

6. ఈ ఆదివారం పొద్దున్నే లైను లాగుతాడు. అందరూ రండి. పెద్దాడా, ఆ హోటలాయన్ని కూడా వెంటబెట్టుకురా. ఒక్క ఆట ఆడి, ఆ తరవాత కూడా వైర్లు పీకుతానంటాడేమో నేనూ చూస్తాను. ఆదివారం దాకా నేను చచ్చే ప్రసక్తే లేదు.

తేదీ: 2026 జూన్ 11, గురువారం
సంతకం: మిషన్ల తాత
సాక్షులు: కరెంటు అబ్బాయి, పక్కింటి టైలరు